ద్రాక్షమోడుతో షెవాలియర్లు

నవంబరు మూడో వారాంతం, శనివారం రాత్రి. తూర్పు ఫ్రాన్స్‌లోని బర్గండీలో, క్లో ద వూజో కోట. ఒకప్పుడు క్రైస్తవ సన్యాసులు వైన్ పీపాలు దాచుకోవడానికి కట్టుకున్న రాతి కొట్టంలో ఐదారు వందల మంది పొడవాటి బల్లల ముందు కూర్చుని ఉంటారు. వేదిక మీద ఎరుపు, బంగారు రంగుల అంగీలు, తలమీద బుర్రకు మించిన టోపీలు పెట్టుకున్న పెద్దమనుషుల బృందం. వాళ్లలో ఒకాయన గ్రాండ్ మాస్టర్, ఇంకొకాయన గ్రాండ్ ఛాంబర్లేన్, మరొకాయన మహాసేనాని. పగలు చూస్తే వీళ్లలో కొందరు వైన్ వ్యాపారులు, కొందరు తోటల యజమానులు. రాత్రయ్యేసరికి ఇలా కొలువు తీరతారు.

ఒక రాయబారో, నటుడో, శాస్త్రవేత్తో వేదిక ఎక్కుతాడు. అతని గొప్పతనాన్ని వర్ణిస్తూ ఒకరు ప్రసంగిస్తారు. అందులో పొగడ్త ఏదో, ఎత్తిపొడుపు ఏదో విడదీయడం కష్టం. ప్రసంగం అయ్యాక ద్రాక్షమొక్క ఎండు మోడుతో అతని భుజం మీద తట్టి, ద్రాక్షతోటకు తండ్రి అయిన నోవహు పేరిట, వైన్ దేవుడు బాకస్ పేరిట, ద్రాక్ష రైతులను కాపాడే సెయింట్ విన్సెంట్ పేరిట అతన్ని షెవాలియర్‌గా ప్రకటిస్తారు. బైబిల్ చదివినవాళ్లకు ఇందులోని చమత్కారం వెంటనే అందుతుంది. ద్రాక్షతోట వేసిన తొలి మనిషి నోవహు. తాగి ఒళ్లు తెలియకుండా పడిపోయిన తొలి మనిషీ ఆయనే. సాక్షి సంతకానికి అంతకన్నా అర్హుడు ఎవరు దొరుకుతారు?

షెవాలియర్ అనగానే మన సినిమా అభిమానులకు శివాజీ గణేశన్ గుర్తొస్తాడు. 1995లో ఆయనకు ఆ గౌరవం ఇచ్చింది ఫ్రెంచి ప్రభుత్వం. బర్గండీ షెవాలియర్‌గిరీకి ప్రభుత్వంతో ఏ సంబంధమూ లేదు. దానివల్ల వచ్చేది ఒక పట్టా, ఎరుపు-బంగారు పట్టీకి వేలాడే ఓ చిన్న గిన్నె, అవకాశం దొరికినప్పుడల్లా ఏడిపించే కొన్ని వందల మంది స్నేహితులు.

ఆ గిన్నె పేరే తాస్త్‌వాన్. అరచేతిలో ఇమిడే లోతులేని పాత్ర. సాధారణంగా వెండితో చేస్తారు. లోపలి గోడల మీద కావాలనే సొట్టలు, గాడులు పెడతారు. పాతకాలంలో వైన్ పీపాలు నేలమాళిగల్లో ఉండేవి. కొవ్వొత్తి వెలుగులో గాజుగ్లాసు పట్టుకుంటే వైన్ రంగు, తేట తెలిసేవి కావు. ఈ సొట్టలు ఆ కాస్త వెలుగునూ అటూ ఇటూ విసిరి వైన్ లోపలి సంగతి చూపించేవి. ఇప్పుడు కరెంటు దీపాలున్నాయి కాబట్టి గిన్నెకు పని లేదు. అందుకే మెడలోకి ఎక్కింది.

ఈ తమాషా కొలువు వెనక ఉన్నది చాలా తమాషా లేని కాలం. 1929లో అమెరికా స్టాక్ మార్కెట్ కూలింది. అదే అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం. బర్గండీకి డబ్బున్న కొనుగోలుదారులు కరువయ్యారు. మంచి పంటలు పండిన ఏళ్ల వైన్ సైతం నేలమాళిగల్లో పేరుకుపోయింది. న్వీ-సాన్-జార్జ్ అనే చిన్న ఊళ్లో ఇద్దరు మిత్రులకు ఒక ఆలోచన వచ్చింది. ఒకరు జార్జ్ ఫేవ్లే, పాతకాలపు వైన్ వ్యాపార కుటుంబం వాడు. రెండోవాడు కామీయ్ రోదియే, ఊరి పర్యాటక వ్యవహారాలు చూస్తూ బర్గండీ వైన్ మీద పుస్తకం రాసినవాడు. ఎలాగూ ఎవరూ కొనడం లేదు కదా, స్నేహితుల్ని పిలిచి మనతో కూర్చోబెట్టి తాగిద్దాం అన్నది వాళ్ల పథకం. పిలిచినవాళ్లు ఉత్త చేతులతో వెళ్లిపోకుండా ఒక బిరుదు కూడా కట్టబెడదాం అనుకున్నారు. 1934 నవంబరు 16న ఊళ్లోని ఓ నేలమాళిగలో మొదటి కొలువు జరిగింది. షెవాలియర్స్ ఆఫ్ తాస్త్‌వాన్ సంఘం అలా పుట్టింది.

ప్రకటనలకు డబ్బు లేనప్పుడు చేసిన ప్రచారం ఇది. పత్రికలో కొన్న ప్రకటనను పాఠకుడు పేజీ తిప్పి మరిచిపోతాడు. భుజం మీద ద్రాక్షమోడు దెబ్బ తిన్న రాయబారి మాత్రం ఆ కథ పదేళ్లపాటు ప్రతి విందులోనూ చెబుతాడు. చెప్పినప్పుడల్లా బర్గండీ పేరు వస్తుంది, ఒక సీసా తెరుచుకుంటుంది. ఫేవ్లే, రోదియేల వ్యాపారబుద్ధి అంతా ఇక్కడే ఉంది.

తంతును ఎక్కడినుంచి తెచ్చారన్నది ఇంకా బాగుంటుంది. ప్రఖ్యాత ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ రాసిన ఆఖరి నాటకం ‘ఊహారోగి’. రోగం లేకపోయినా ఉందనుకునే ఒక ధనవంతుడి కథ. చివర్లో అతన్నే వైద్యుడిగా మార్చేస్తూ ఒక బూటకపు పట్టాభిషేకం జరుగుతుంది. పండితులు వచ్చీరాని లాటిన్‌లో ప్రశ్నలు వేస్తారు. అతను ఏం చెప్పినా భేష్, భేష్ అని కోరస్ పాడుతుంది. డిగ్రీలు, బిరుదులు, పండితుల గాంభీర్యం మీద అంత ఘాటైన ఎకసెక్కం తక్కువగా కనిపిస్తుంది. 1673 ఫిబ్రవరి 17న ఆ పాత్ర వేస్తూనే మోలియేర్ నిజంగా జబ్బుపడి, కొద్ది గంటల్లో కన్నుమూశాడు. 260 ఏళ్ల తర్వాత బర్గండీ వాళ్లు ఆ దృశ్యాన్నే నమూనాగా తీసుకున్నారు. అంటే బిరుదుల్ని వెక్కిరించడానికి పుట్టిన తంతుతోనే బిరుదులు ఇవ్వడం మొదలుపెట్టారు. పుచ్చుకునేవాడికి ఆ సంగతి తెలుసు. ఇచ్చేవాడికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

విందు కూడా అదే ధోరణిలో సాగుతుంది. వంటకాల జాబితాను పాతకాలపు ఫ్రెంచిలా కనిపించే వింత భాషలో అచ్చువేస్తారు. ఒక వంటకానికీ మరో వంటకానికీ మధ్య బర్గండీ కాదేలు అనే గాయకబృందం ద్రాక్ష రైతుల వేషంలో వచ్చి తాగుడు పాటలు పాడుతుంది, హాస్యకథలు చెబుతుంది. పాట నచ్చితే మామూలు చప్పట్లు కొట్టడం అక్కడ మర్యాద కాదు. రెండు చేతులూ తలెత్తున ఎత్తి, మణికట్టు దగ్గర గిరగిరా తిప్పుతూ లా-లా-లా అని రాగం తీసి, ఆఖర్న చప్పట్లతో ముగించాలి. దాన్ని బర్గండీ చప్పట్లు అంటారు. కోట్లకు పడగలెత్తిన బ్యాంకరూ, మంత్రిగారూ ఒకేసారి చేతులు తిప్పుతుంటే ఎవరు ఎవరో తేడా తెలియదు.

సంఘంలో మెట్లున్నాయి. చేరినవాడు మొదట షెవాలియర్. ఏళ్లు గడిచి, సేవ చూపిస్తే కమాండర్, ఆపైన గ్రాండ్ ఆఫీసర్. ఇతర దేశాల శాఖల్లోనూ రాజాస్థానపు పదవులే. అమెరికా నగరాల్లో శాఖాధిపతిని గ్రాండ్ సెనెషల్ అని పిలుస్తారు. మధ్యయుగాల్లో ప్రభువుల ఇంటి వ్యవహారాలు చక్కబెట్టే అధికారి పేరది. ఇవాళ ప్రపంచమంతటా ఈ సంఘానికి సుమారు 12,000 మంది సభ్యులున్నారు. ఒకప్పుడు మద్యనిషేధంతో బర్గండీని ముంచిన దేశంలోనే అభిమానులు గట్టిగా ఉన్నారు.

నవ్వుతో పాటు గట్టి పనులూ చేశారు, అది ఒప్పుకోవాలి. 1944లో క్లో ద వూజో కోట వీళ్ల చేతికొచ్చింది, బాగుపడింది. 1950 నుంచి బర్గండీ వైన్లను సీసా మీద పేరు కనపడకుండా రుచి చూసి, నచ్చినవాటికి సంఘం ముద్ర వేసే పద్ధతి నడుస్తోంది. అక్కడ మాత్రం పరాచికాలు చెల్లవు. రుచి బాగోలేకపోతే గ్రాండ్ ఆఫీసర్ గారి సొంత తోట వైన్‌కైనా ముద్ర పడదు.

వెక్కిరింతే బిరుదుగా మారిన ఇంకో కథ షాంపేన్‌ది. పదిహేడో శతాబ్దం, పద్నాలుగో లూయీ కాలం. పారిస్‌లో ముగ్గురు భోజనప్రియులైన దొరలుండేవారు. సెంతెవ్రెమోన్ అనే రచయిత, కౌంట్ దొలోన్, మార్క్విస్ బ్వా దోఫాన్. ఒకరోజు ల్మాన్ నగరపు బిషప్ వీళ్లకు భోజనం పెడుతూ విసిగిపోయాడట. దూడమాంసం నార్మండీదే కావాలంటారు, కౌజులు ఓవెర్న్‌వే కావాలంటారు, వైన్ అయితే షాంపేన్‌లో ఫలానా మూడు కొండవాలుల మీద పండిందే ముట్టుకుంటారు అని ఎద్దేవా చేశాడు. ఊరంతా ఆ మాట పట్టుకుంది. వీళ్లకు ‘కొండవాలు సంఘం’ అని పేరు పడింది. బ్వాలో అనే కవి తన వ్యంగ్యకవిత్వంలో దాన్ని నిజమైన సన్యాసుల మఠంలా చిత్రించి ఆడుకున్నాడు. దొరలు చిన్నబుచ్చుకోలేదు, ఆ పేరునే వేసుకుని తిరిగారు. సెంతెవ్రెమోన్ తర్వాత దేశం విడిచి లండన్ చేరి, అక్కడి ఆస్థానానికి షాంపేన్ రుచి మప్పాడు. 1703లో చనిపోతే వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో సమాధి చేశారు. 1956లో షాంపేన్ ఉత్పత్తిదారులు తమ సంఘానికి ఏం పేరు పెట్టాలా అని ఆలోచించి అదే కొండవాలు సంఘాన్ని పునరుద్ధరించారు. మన తెనాలి రామకృష్ణుడికి వికటకవి అన్న పేరు అంటుకున్నట్టే ఇదీ. అనేవాడు వేళాకోళంగా అన్నాడు, పడ్డవాడు బిరుదుగా తొడుక్కున్నాడు.

తాస్త్‌వాన్ వాళ్లు దారి చూపాక ఫ్రాన్స్‌లో ప్రతి వైన్ ప్రాంతమూ ఒక కొలువు పెట్టుకుంది. ఎక్కువభాగం ఒకే మూస. కానీ కొన్ని చూడదగ్గవి. బోర్డో దగ్గరి సాంతెమిలియన్ వాళ్లది నిజంగా పాత సంస్థ. 1199లో ఇంగ్లండ్ రాజు జాన్ ఇచ్చిన శాసనంతో ఆ ఊరి పాలన ‘జురాత్‌లు’ అనే పెద్దల చేతికి వచ్చింది. పంట ఎప్పుడు కోయాలో చెప్పడం, పీపాల మీద ముద్ర వేయడం, నాసిరకం వైన్‌ను తగలబెట్టించడం వాళ్ల అధికారాలు. ఫ్రెంచి విప్లవం ఆ వ్యవస్థను తుడిచిపెట్టింది. 1948లో వైన్ రైతులు దాన్ని వేడుకగా మళ్లీ తెచ్చారు. ఇప్పటికీ సెప్టెంబరులో ఎర్రటి అంగీలు వేసుకుని రాజుగారి బురుజెక్కి, కోతలు మొదలయ్యాయని ఊరంతటికీ చాటుతారు. ఎవరి తోట ఎప్పుడు కోతకు వస్తుందో వాళ్లు అప్పటికే తేల్చుకుని ఉంటారు. అయినా చాటింపు చాటింపే.

బోర్డోలోనే ఉన్న మెదోక్ వాళ్ల టోపీ మాత్రం అన్నిటికన్నా అందమైన హాస్యం. 1949లో పెట్టుకున్న వాళ్ల సంఘం పేరు బోన్‌తాన్. ఆ ప్రాంతంలో చిన్న చెక్కగిన్నెకు ఆ పేరు. ఎర్ర వైన్‌ను తేటపరచడానికి గుడ్డు తెల్లసొనను ఆ గిన్నెలో గిలక్కొట్టి 225 లీటర్ల పీపాలో కలుపుతారు. పీపాకు నాలుగు నుంచి ఆరు గుడ్లు. తెల్లసొన మడ్డిని పట్టుకుని అడుక్కి చేరుతుంది. సంఘం టోపీ ఆ చెక్కగిన్నె ఆకారంలో ఉంటుంది. పైన తెల్లటి గుడ్డ, గిలక్కొట్టిన నురుగులాగ. ప్రపంచంలోకెల్లా ఖరీదైన వైన్లు చేసే యజమానులు గుడ్డునురుగు నెత్తిన పెట్టుకుని ఊరేగడం చూస్తే ఆ సంఘం మీద గౌరవం పెరుగుతుంది.

అల్సాస్ వాళ్ల పద్ధతి వేరు. అక్కడి సెయింట్ స్టీఫెన్ సంఘం మూలాలు మధ్యయుగాల నాటివి, 1947లో మళ్లీ ప్రాణం పోసుకుంది. మూడు మెట్లు. శిష్యుడు, తోటివాడు, గురువు. ఒక్కో మెట్టు ఎక్కాలంటే అంగీ వేసుకుంటే సరిపోదు, కళ్లముందున్న గ్లాసులో ఏముందో పేరు చూడకుండా రుచితోనే చెప్పగలగాలి. ఇంత పరీక్ష పెడుతున్నారు కాబట్టి పరాచికాలకు చోటు ఉండదనుకుంటే పొరపాటు. తప్పు చెప్పినవాడిని ఆట పట్టించే హక్కు బల్ల దగ్గర కూర్చున్న అందరికీ ఉంటుంది.

మనుషుల సంగతి అటుంచితే వైన్ లోకంలో సీసాలకే హోదాలున్నాయి. మామూలు సీసా 750 మిల్లీలీటర్లు. షాంపేన్‌లో దానికి నాలుగింతలది, అంటే మూడు లీటర్లది, యరొబాము. ఆరు లీటర్లది మెతూషెల. తొమ్మిది లీటర్లది షల్మనేసెరు. ఇరవై సీసాల సరుకు పట్టే 15 లీటర్లది నెబుకద్నెజరు. తెలుగు బైబిల్‌లో ఈ పేర్లన్నీ ఉన్నాయి. 969 ఏళ్లు బతికిన మెతూషెల పేరు ఎక్కువకాలం నిల్వ ఉండే పెద్ద సీసాకు పెట్టడం బాగానే ఉంది. యెరూషలేమును కూల్చిన బబులోను రాజు పేరు ఇరవై సీసాల మద్యానికి పెట్టినవాడు మాత్రం మర్నాటి తలనొప్పిని కూడా లెక్కవేసే పెట్టి ఉంటాడు.

ఈ సరదా బిరుదులకు పూర్తిగా అవతలి ఒడ్డున మాస్టర్ ఆఫ్ వైన్ అనే బిరుదు ఉంది. 1953లో లండన్‌లో మొదటి పరీక్ష పెడితే 21 మంది రాశారు, ఆరుగురు గట్టెక్కారు. రాతపరీక్షలు, పేరు కనపడని వైన్లను గుర్తించే పరీక్షలు, ఒక పరిశోధన పత్రం అన్నీ దాటాలి. ప్రపంచం మొత్తమ్మీద ఇప్పుడు ఈ బిరుదున్నవాళ్లు 400 పైచిలుకే. భారతదేశం నుంచి మొదట అందుకున్నది సోనల్ హాలండ్, 2016లో. ఈ బిరుదు పేరు వెనకాల తగిలించుకుంటే ఉద్యోగం వస్తుంది, జీతం పెరుగుతుంది. ద్రాక్షమోడు దెబ్బతో ఇవేవీ రావు.

అయితే ఇంత కఠిన పరీక్షలు దాటినవాళ్లనూ వైన్ నవ్వులపాలు చేస్తుంది. అందుకే ఆ లోకంలో తమను తాము వెక్కిరించుకునే అలవాటు ఇంత బలంగా నాటుకుంది. బ్రిటన్‌లో వైన్ వ్యాపారులకు పెద్దదిక్కులాంటి హ్యారీ వా అనే ఆయన్ని, బోర్డో వైన్‌ను బర్గండీ అనుకుని ఎప్పుడైనా పొరబడ్డారా అని అడిగితే, మధ్యాహ్న భోజనం తర్వాత ఇంతవరకూ పొరబడలేదు అన్నాడని చెబుతారు. అమెరికన్ కార్టూనిస్టు జేమ్స్ థర్బర్ 1937లో న్యూయార్కర్ పత్రికకు గీసిన బొమ్మ ఇంకా ప్రసిద్ధం. ఆతిథ్యం ఇస్తున్న పెద్దమనిషి తన చవక వైన్ గురించి, పాపం వంశం లేనిదైనా దాని తెంపరితనం మీకు వినోదం కలిగించవచ్చు అన్న ధోరణిలో అతిథులకు పరిచయం చేస్తాడు. రుచి వర్ణనల పేరిట జరిగే గొప్పలన్నీ ఆ ఒక్క బొమ్మ ముందు వెలవెలబోయాయి.

1976 మే 24న పారిస్‌లో జరిగింది మాత్రం కార్టూన్ కాదు. స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వ్యాపారి తొమ్మిదిమంది తలపండిన ఫ్రెంచి న్యాయనిర్ణేతలను కూర్చోబెట్టి, పేర్లు దాచి ఫ్రెంచి వైన్లనూ కాలిఫోర్నియా వైన్లనూ రుచి చూపించాడు. తెల్ల వైన్లలో కాలిఫోర్నియాకు చెందిన షాటో మాంటెలీనా, ఎర్ర వైన్లలో స్టాగ్స్ లీప్ గెలిచాయి. అక్కడ ఉన్న ఒకే ఒక్క పత్రికా విలేఖరి, టైమ్ పత్రిక జార్జ్ టేబర్, రాసిన కథనంలో అసలు రుచి మరోటి ఉంది. ఒక న్యాయనిర్ణేత ఒక గ్లాసు చప్పరించి, హమ్మయ్య ఫ్రాన్స్‌కు తిరిగొచ్చాం అన్నట్టు నిట్టూర్చాడు. ఆ గ్లాసులో ఉన్నది కాలిఫోర్నియా వైన్. మరొకాయన ఇది కచ్చితంగా కాలిఫోర్నియాదే, వాసనే లేదు అని పెదవి విరిచాడు. అది బర్గండీలోని మేటి తెల్ల వైన్లలో ఒకటి. నోవహు సాక్షిగా బిరుదు పుచ్చుకున్నవాడికి ఇలాంటి రోజు వస్తే నవ్వేసి ఊరుకోవచ్చు. గంభీరంగా తీర్పు చెప్పడానికి వచ్చినవాళ్లకు ఆ వెసులుబాటు లేకపోయింది.

బర్గండీలో మొదట చెప్పిన నవంబరు కొలువు జరిగిన రెండు రోజులకు, సోమవారం మధ్యాహ్నం, మెర్సో ఊళ్లో ఇంకో విందు ఉంటుంది. మధ్యలో ఆదివారం బోన్ పట్టణంలో ఆసుపత్రి సంస్థ వైన్ వేలం జరుగుతుంది. మూడు రోజులూ కలిపి పెద్ద పండుగ. మెర్సో విందు పేరు పోలే. పూర్వం కోతలు ముగిశాక యజమాని, కూలీలు ఒకే బల్ల దగ్గర తినే భోజనమది. 1923లో కౌంట్ జూల్ లాఫోన్ కొద్దిమంది స్నేహితులతో దాన్ని తిరిగి మొదలుపెట్టాడు. ఇక్కడ అంగీలు లేవు, మెట్లు లేవు. ఒకటే నియమం. ఎవరి సీసా వాళ్లు తెచ్చుకోవాలి, పక్కవాళ్లకు పోయాలి. ఎవరు పిసినారితనం చూపించారో, ఎవరు తాత దాచిన సీసా పట్టుకొచ్చారో బల్లంతా వ్యాఖ్యానిస్తుంది. 1932 నుంచి ఈ విందులో ఒక సాహిత్య బహుమతి కూడా ఇస్తున్నారు. రచయితకు ఇచ్చేది డబ్బు కాదు, 100 సీసాల మెర్సో వైన్.

షెవాలియర్ల సంఘం 1938లో మొదలుపెట్టిన సెయింట్ విన్సెంట్ జాతరకు ఈ ఎకసెక్కాలన్నిటికన్నా లోతైన వేరు ఉంది. బర్గండీ ఊళ్లలో ద్రాక్ష రైతుల పరస్పర సహాయ సంఘాలు ఎప్పటినుంచో ఉన్నాయి. తోటపని జోరుగా ఉన్న రోజుల్లో ఒక రైతు జబ్బుపడితే అతని తోటను మిగిలినవాళ్లు చూసుకోవాలి. ఆ సంఘాలన్నీ ఏటా జనవరి ఆఖర్న, ఏడాదికొక ఊళ్లో చేరి సెయింట్ విన్సెంట్ విగ్రహాలు మోసుకుని ఊరేగుతాయి. అంగీల షెవాలియర్లు ఆ ఊరేగింపులో ఉంటారు.

ఇప్పుడు బర్గండీకి కొనేవాళ్ల కొరత లేదు. 2018 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో బర్గండీకే చెందిన రొమానే-కోంతీ వైన్ 1945 నాటి సీసా ఒకటి 5,58,000 డాలర్లకు పోయింది. అమ్ముడుపోని సరుకును స్నేహితులకు తాగించాలని ఫేవ్లే, రోదియే వేసిన పథకానికి ఇక అవసరం తీరింది. విందు టిక్కెట్టు ధర కూడా మామూలు రైతుకు అందే స్థితిలో లేదు. పాత సభ్యుల్లో కొందరు ఇది వ్యాపారుల పరిచయాల వేదికగా మారిపోయిందని విసుక్కుంటారు. ఆ విసుగులో నిజం లేకపోలేదు. అయినా ఏటా పదిహేను దాకా కొలువులు నడుస్తూనే ఉన్నాయి, ప్రతిసారీ కొత్తగా భుజం వంచేవాళ్లు వరుసలో ఉంటున్నారు.